ఇస్సాకు యంత్రం, నారాయణమ్మ పుస్తెలు

అది 1946. యుద్ధం ముగిసి ఏడాది దాటింది. మార్కాపురం బజారులో, పలకల దుకాణాల వరసలో, నాకొక చిన్న రేడియో రిపేరు షాపు ఉండేది. మా వీధికి అప్పటికి కరెంటు లేదు. ఉన్న కొద్ది రేడియోలూ బ్యాటరీల మీద నడిచేవే. మా ఊళ్ళో రేడియోలకు వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం పలకల దుమ్మే. స్టేషన్లు మార్చే కండెన్సరు రేకుల మధ్య ఆ దుమ్ము చేరితే, ముల్లు తిప్పినప్పుడల్లా బరబరమని చప్పుడొచ్చేది. మెత్తటి కుంచెతో దులిపి ఇస్తే మళ్ళీ పాట వినపడేది. ఆ మాత్రం పనికే జనం నన్ను మంత్రగాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. నాకది చాలా ఇష్టంగా ఉండేది. ఊళ్ళో పెట్టెను మాట్లాడించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

ఇస్సాకు మిలిటరీ నుంచి తిరిగొచ్చేదాకా ఆ వైభవం సాగింది.

ఇస్సాకు, నేను మార్కాపురం మిషన్ బడిలో, బోర్డింగులో కలిసి చదువుకున్నాం. వాడిది కొమరోలు వైపు ఒక పల్లె. లెక్కలన్నీ నా పలక చూసి రాసేవాడు. యుద్ధం వచ్చినప్పుడు ఇద్దరం కలిసే వెళ్ళి వరసలో నిలబడ్డాం. నా కళ్ళు సరిగా లేవని డాక్టరు నన్ను వెనక్కి పంపాడు. వాణ్ణి సాపర్సులోకి తీసుకున్నారు. సాపర్సు అంటే దారులు, వంతెనలు వేసే దళం. శత్రువు భూమిలో పాతిపెట్టిన మందుపాతరలు ఏరేదీ వాళ్ళే. వెళ్ళేటప్పుడు నా చొక్కా అడిగి వేసుకుని వెళ్ళినవాడు, వచ్చేటప్పుడు చేతికి గడియారం, కాళ్ళకు బూట్లు, నోట్లో ఇంగ్లీషు ముక్కలతో దిగాడు. చూడగానే నాకు ఒళ్ళు మండింది. దాచుకోవడం ఎందుకు, ఇప్పుడు తలుచుకున్నా కొంచెం మండుతుంది.

వచ్చిన కొన్నాళ్ళకు ఒక పెద్ద పెట్టె నెత్తిన పెట్టుకుని షాపుకొచ్చాడు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"మైన్ డిటెక్టర్. మద్రాసులో మిలిటరీ సామాను అమ్మేస్తా ఉంటే కొన్నాను. భూమిలో లోహం ఉంటే కూస్తాది. ఇప్పుడు మూగబోయింది. నువ్వు తప్ప దీనికి దిక్కెవరురా?"

ఆ చివరి మాటకు కరిగిపోయాను. పెట్టె విప్పితే లోపల నాకు తెలిసిన సరుకే: వాల్వులు, చుట్టలు, కండెన్సర్లు. రేడియోకు దగ్గరి చుట్టం. వీపుకు తగిలించుకునే పెట్టె ఒకటి, పొడుగాటి కర్ర ఒకటి. కర్ర చివర కోడిగుడ్డు ఆకారంలో చెక్క పళ్ళెం, ఆ చెక్కలో రాగితీగ చుట్ట. దానిని సెర్చ్ కాయిల్ అంటారు. వినడానికి చెవులకు హెడ్‌ఫోన్.

ఇది పనిచేసే తీరు చెప్పమని అప్పట్లో చాలామంది అడిగేవారు. రెండు శ్రుతిపెట్టెలను దాదాపు ఒకే శ్రుతిలో పెట్టి కలిపి మోగిస్తే, రెండింటికీ ఉన్న చిన్న తేడా వల్ల ఒక ఊగుడు వినపడుతుంది. ఈ యంత్రంలోనూ అలాంటి రెండు శ్రుతులుంటాయి, కాకపోతే కరెంటువి. వాటిని పుట్టించే భాగాన్ని ఆసిలేటర్ అంటారు. ఒకటి పెట్టెలో కదలకుండా ఉంటుంది. రెండోది సెర్చ్ కాయిల్‌తో ముడిపడి ఉంటుంది. కాయిల్ కిందికి లోహం వచ్చిందంటే, ఆ లోహంలో కూడా సన్నగా కరెంటు పుట్టి కాయిల్‌ను తిరిగి నెడుతుంది. దాంతో ఆ శ్రుతి జారుతుంది, చెవిలో కూత మారుతుంది. అంతే సంగతి. కింద ఉన్నది బంగారమా, మేకా, మందుపాతరా అన్నది దానికి తెలియదు. లోహం ఉందంటుంది, ఊరుకుంటుంది.

ఒక వాల్వు మాడిపోయి ఉంది. చచ్చిన రేడియో ఒకదానిలోంచి వాల్వు తీసి అమర్చి, విరిగిన తీగలు టంకం పెట్టి, రేడియో బ్యాటరీలు తగిలించాను. యంత్రం కూసింది. ఇస్సాకు నన్ను వాటేసుకున్నాడు. మర్నాడే దాన్ని వీపుకు కట్టుకుని బజారులో తిరిగాడు. సంత జనమంతా వాడి వెనకే. ఒకడు తన ఎద్దు మేకు మింగిందేమో చూడమన్నాడు. కలప కోసేవాడొకడు, మానులో మేకులుంటే రంపం పళ్ళు పోతున్నాయి, ముందే చూసి చెప్పమన్నాడు. త్రిపురాంతకం నుంచి ఇద్దరు వచ్చి, కొండ కింద నిక్షేపం ఉంది, మూడోవంతు ఇస్తామని గుసగుసలాడారు. నా షాపులో మాత్రం ఈగలు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? ప్రాణం పోసింది నేను, ఊరేగింది వాడు.

ఆ పరిస్థితిలో వాడి పల్లె నుంచి కబురొచ్చింది.

నారాయణమ్మ అనే రైతుల ఇంటి కోడలు సజ్జ కోస్తుండగా మెడలో పసుపుతాడు తెగి, పుస్తెలు రెండూ చేలో పడిపోయాయి. పుస్తెలు పోతే కంసాలి దగ్గర కొత్తవి చేయించుకోవచ్చు. కానీ వాటిని కట్టాల్సింది మొగుడు. ఆమె మొగుడు మిలిటరీలో చేరి బర్మా వైపు పోయాడు. జాబు వచ్చి ఏళ్ళయింది. పేరు చచ్చినవాళ్ళలోనూ లేదు, బతికినవాళ్ళలోనూ లేదు. ఇప్పుడు పుస్తెలు కూడా పోయేసరికి, దేవుడే చెప్పేశాడని పాలివాళ్ళు, అంటే ఆ ఇంటి దాయాదులు, తేల్చారు. అమావాస్యలోగా దొరక్కపోతే ఆయనకు కర్మ చేసి, ఈమె చేతి గాజులు తీయించడానికి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆమె ఒక పసుపుకొమ్మును దారానికి కట్టి తానే మెడలో వేసుకుని తిరుగుతోందట.

"నువ్వు కూడా రారా. మధ్యలో ఇది నోరు మూసుకుంటే నా వల్ల కాదు," అన్నాడు ఇస్సాకు. రైలులో గిద్దలూరు, అక్కడి నుంచి బొగ్గుతో నడిచే బస్సులో కొమరోలు, ఆపైన నడక. యంత్రం వాడి వీపున, బ్యాటరీల పెట్టె నా నెత్తిన.

చేను దగ్గర ఊరంతా ఉంది. చిన్నప్పుడు అదే చేలో ఇస్సాకు కూలికి కలుపు తీశాడు. ఆనాడు వాణ్ణి గట్టు మీద దూరంగా కూర్చోబెట్టి అన్నం పెట్టినవాళ్ళే ఇప్పుడు "రా నాయనా, రా" అంటున్నారు. నారాయణమ్మ అత్త సుబ్బమ్మ మాత్రం రమ్మనలేదు. ఆమె భర్త పోయిన మనిషి. బోసి మెడ, బోసి చేతులు.

"ఏం లాభంరా ఇస్సాకూ," అంది. "కోసిన ఆడోళ్ళంతా చేతులతో జల్లించినారు. నీ కట్టె చూస్తాదా?" తర్వాత నా వైపు తిరిగి, "ఈ పెట్టెలు మోసే అబ్బాయికి నీళ్ళు పోయండి," అంది.

పెట్టెలు మోసే అబ్బాయి! ఆ నీళ్ళ చెంబు ముట్టకుండా పక్కన పెట్టాను.

ఇస్సాకు గడియారం తీశాడు, మేకుల బూట్లు విప్పాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఏ సాలు కోస్తుండగా తాడు తెగిందో చూపించమని నారాయణమ్మను ముందు నడవమన్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, చెయ్యెత్తాడు. "దొరికింది!" అని జనం అరిచారు. తవ్వితే ఏమీ లేదు. మళ్ళీ నడిచారు, మళ్ళీ కూత, మళ్ళీ అరుపు, మళ్ళీ ఉత్త మన్ను. ఇస్సాకు ముఖానికి చెమటలు పట్టాయి. నాకు లోపల్లోపల హాయిగా ఉంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకున్నాను. అంతలో నాకు విషయం తట్టింది. ఆమె కాళ్ళకు వెండి మెట్టెలున్నాయి. ఆమె పాదం కాయిల్ దగ్గరికి వచ్చినప్పుడల్లా యంత్రం కూస్తోంది. మిలిటరీలో మందుపాతరలు వెతికే చోట పక్కన మనుషులే ఉండరు, కాబట్టి వాడికీ తట్టలేదు.

దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. వాడు ఉన్నదున్నట్టు పైకి అనేశాడు.

"అక్కా, ఆ మెట్టెలు కాసేపు తీసి పెట్టాల."

మొగుడున్న ఆడది మెట్టెలు తీయదు. నారాయణమ్మ కాలి వేళ్ళు ముడుచుకుని, చీర కుచ్చిళ్ళు వాటి మీదికి లాక్కుంది.

"మెడలోవి పోయినాయి. ఇవి కూడా తీస్తే ఇంక నాకేం మిగుల్తాది?" అంది. "దొరక్కపోతే పోనీ. ఇవి నేను తీయను."

"అట్లయితే ఇంకెవరైనా చూపించాల. ఆ పొద్దు నీ పక్కన కోసినదెవరు?"

"మా అత్త."

అందరూ సుబ్బమ్మ వైపు చూశారు. కోత కోసిన ఆడవాళ్ళందరి కాళ్ళకూ మెట్టెలో కడియాలో ఉన్నాయి. ఒంటి మీద వీసమెత్తు లోహం లేనిది ఆ చేలో ఆమె ఒక్కతే. ఆమెకూ అర్థమైంది. కొంగు నడుముకు దోపుకుని, సాలులోకి దిగింది.

ఆమె ముందు, ఇస్సాకు వెనక. పళ్ళెం నేలను రాసుకుంటూ పోతోంది. మందుపాతర లాంటి పెద్ద ఇనుము కోసం చేసిన యంత్రం అది. పుస్తె లాంటి చిన్న వస్తువు కావాలంటే నేలకు అంటించినంత దగ్గరగా తిప్పాలి. సుబ్బమ్మ పాదాలు కాయిల్‌కు జానెడు దూరంలో పడుతున్నాయి. అయినా యంత్రం కూయలేదు. కోడలి ప్రతి అడుగుకూ గోలపెట్టిన యంత్రం అత్త పక్కన నోరు మెదపలేదు. నడుస్తూ నడుస్తూ ఆమె ఒకసారి ఆగి, తన కాళ్ళ వైపు, ఆ పళ్ళెం వైపు చూసింది. మళ్ళీ నడిచింది.

చేను సగం అయ్యేసరికి ఎద్దు నాడా ముక్క, రెండు మేకులు, విరిగిన కొడవలి మొన దొరికాయి. పుస్తెలు లేవు. అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. సజ్జ కంకులు కోసి ఒడిలో వేసుకుని, ఒడి నిండాక పోయి కుప్ప పోస్తారు. వంగి కోసేటప్పుడు తాడు తెగితే పుస్తెలు పడేది ఒడిలోకి, నేల మీదికి కాదు.

"ఇస్సాకూ, కుప్ప పోసినచోట చూడరా," అన్నాను.

"వీడు చెప్పేది నిజం," అని వాడు నిజాయితీగానే అరిచి చెప్పాడు. ఎవడు విన్నాడు? అందరి చూపూ వాడి కర్ర మీదే. వాడు మంచివాడు కావడం వల్ల నాకు మరీ కడుపు మండింది. వాడు చెడ్డవాడైతే నా అసూయకు కొంచెం మర్యాదన్నా ఉండేది.

కుప్ప తీసేసిన చోట, ఊక కలిసిన మన్ను మీద కాయిల్ తిప్పగానే ఇస్సాకు బిగుసుకుపోయాడు. బోర్లా పడుకున్నాడు. చిన్న కత్తి అడిగి తీసుకుని, నిలువునా గుచ్చకుండా, పక్కవాటుగా, మెల్లగా మన్నులోకి పోనిచ్చాడు. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కూత నేను నా బల్ల మీద విన్నదే, నాకది మంచి రిపేరు గుర్తు. అదే కూతకు వాడు మందుపాతరల దగ్గర ఊపిరి బిగబట్టి పడుకోవడం నేర్చుకున్నాడు. ఆ పనితనం చూసి ఇంకా కుళ్ళుకున్నాను.

వేలి కొసతో మన్ను తోసి, బంగారు పుస్తె ఒకటి బయటికి తీశాడు. రెండోది ఎంత వెతికినా దొరకలేదు. పొద్దు వాలేదాకా కళ్ళం దాకా వెతికాం. బ్యాటరీ నీరసించింది, కూత సన్నగిల్లింది.

నారాయణమ్మ పుస్తెను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. ఆమె ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"అత్తా, ఇది మా అమ్మోళ్ళు పెట్టింది," అంది. "మీ ఇంటిది కాదు."

మా వైపు పుస్తెలు రెండు. ఒకటి పుట్టింటివాళ్ళది, ఒకటి అత్తింటివాళ్ళది. దొరికింది పుట్టింటిది. పాలివాళ్ళలో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "అంటే మొగుడి పుస్తె పోయినట్టేగా. దేవుడు ఇంకెట్ల చెప్పాల?" అన్నాడు.

సుబ్బమ్మ కోడలి చేతిలోంచి పుస్తె తీసుకుంది. కొంగుతో మన్ను తుడిచింది.

"దేవుడు చెప్పింది చాల్లే, ఇంక నువ్వు చెప్పబాక," అంది ఆయనతో. కోడలి వైపు తిరిగి, "ఇంటికి పదా. కొత్త తాడు పసుపులో నానబెట్టాల. రెండోది వాడొచ్చినాక చేయిస్తాడు," అంది.

వాడొచ్చినాక. ఆ మాట ఆ ఇంట్లో ఎన్నాళ్ళుగా ఎవరూ అనలేదో నాకు తెలియదు. నారాయణమ్మ అక్కడే మన్నులో కూలబడి గట్టిగా ఏడ్చింది. సుబ్బమ్మ ఆమె రెక్క పట్టి లేపి తీసుకుపోయింది. అమావాస్య వచ్చింది, పోయింది, గాజుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదని ఇస్సాకు తర్వాత చెప్పాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ పనిలోనే ఉన్నాను. ఎన్నో పెట్టెలు బాగు చేశాను. యంత్రం ఏదైనా లోహం ఉందో లేదో చెబుతుంది, దాని విలువ ఎంతో మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. ఆ చేలో నేను నేర్చుకున్నది అది. ఇస్సాకు మీద అసూయ కూడా క్రమంగా అరిగిపోయింది. వాడు ఆ యంత్రాన్ని కొన్నాళ్ళకే పక్కన పడేశాడు. ఆ కూత వింటే తిండి సయించడం లేదన్నాడు.

కానీ ఆ సాయంత్రం మొదలైన ఇంకో అసూయ మాత్రం పోలేదు. అది నేను ముఖం కూడా చూడని నారాయణమ్మ మొగుడి మీద. కాలికున్న వెండి తీయనని ఊరి ముందు మొండికేసిన పెళ్ళాం, దేవుడి మాట చాల్లే అన్న తల్లి, ఇద్దరూ ఒక్క మనిషికే ఎందుకుండాలి? నేను వెనక్కి రాకపోతే నా కోసం ఎవరు ఏ చేను జల్లిస్తారని తిరుగు బస్సులో కూర్చుని లెక్కపెట్టుకుంటే, ఒక్క పేరూ తోచలేదు.

ఆయన తిరిగొచ్చాడా అని ఈ కథ విన్నవాళ్ళంతా అడుగుతారు. నేను కనుక్కోలేదు. కొమరోలు వైపు మనుషులు షాపుకొచ్చినప్పుడల్లా ఆ ప్రశ్న నాలుక దాకా వచ్చేది, మింగేసేవాణ్ణి. రాలేదని చెబితే ఆయన మీద జాలిపడాల్సి వస్తుంది. నాకు అసూయ పడటమే బాగుంది.