బంతుల సంచి మా ఇంటికి వచ్చిన రోజు

మొన్న ఆదివారం సాయంత్రం మా ఆయన బంతుల సంచి భుజాన వేసుకుని గేటు తీసుకుని లోపలికి వస్తుంటే, ఎదురింటి వరండాలో బియ్యం ఏరుకుంటున్న అక్క చేటతో సహా లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మేము కర్నూలు పక్కన కల్లూరులో ఇల్లు కట్టుకుని వచ్చిన ఇన్నేళ్ళలో ఆ తలుపు పగటిపూట మూసి ఉండగా నేను చూడలేదు. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే.

సంగతి తెలియని వాళ్ళకు ఇదంత పెద్ద విషయంగా కనిపించదు. లీగులో ఎప్పుడూ అట్టడుగున ఉండే మా చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు మొన్నటిదాకా మేనేజర్ ఆ అక్క భర్తే. మా ఇద్దరు పిల్లలూ, వాళ్ళ ఇద్దరు పిల్లలూ ఒకే ఆటోలో స్కూలుకు పోతారు, సాయంత్రం ఎవరి ఇంట్లో ఏముంటే అది తింటారు. మా క్లబ్బులో మేనేజర్‌ను తీసేస్తున్నామని ఎవరూ నోటితో చెప్పరు. పెద్దమనుషులు ఇద్దరు ఇంటికి వస్తారు, టీ తాగుతారు, వానల గురించీ తుంగభద్ర నీళ్ళ గురించీ మాట్లాడతారు, వెళ్ళేటప్పుడు గోడకు తగిలించిన బంతుల సంచి తీసుకుని వెళ్తారు. అది ఏ ఇంటికి చేరితే ఆ ఇంటాయన మేనేజర్. నా చిన్నప్పుడూ ఇదే క్లబ్బు, ఇదే పద్ధతి. కర్నూలు పాత ఊళ్ళో ఆ సంచి మా ఇంట్లో నుంచి వెళ్ళిపోవడం నేను చూశాను.

మా నాన్న కొన్నేళ్ళు మేనేజర్‌గా చేశాడు. మేనేజరంటే పేరు గొప్పే గాని, గ్రౌండులో గులకరాళ్ళు ఏరించి సున్నంతో గీతలు గీయించేదీ, కడపలో ఆట ఉంటే జీపు మాట్లాడేదీ, మా అమ్మ చేత జట్టు చొక్కాలన్నీ ఉతికించేదీ ఆయనే. అవేవీ ఎవరి కంటా పడేవి కావు. గ్రౌండు పక్కన మెట్ల మీద కూర్చునే పాత ఆటగాళ్ళు లెక్కపెట్టేది గోల్సునే. "ఏమప్పా మేనేజరూ, నీ జట్టు పిల్లోడు పరిగెత్తుతాండాడా, పెండ్లి ఊరేగింపులో పోతాండాడా?" అని ఒకరంటే, "వాన్నేమీ అనొద్దప్పా, దారిలో చుట్టాలు కనపడినారేమో" అని ఇంకొకరు అందుకునేవారు. నాన్న కూడా నవ్వేవాడు. ముఖం మీదే అన్నారు గనక మరునాడు వాళ్ళే వచ్చి మా ఇంట్లో టీ తాగేవారు.

ఒకసారి కడప జట్టుతో ఆటకు, వారమంతా ప్రాక్టీసుకు రాని మా మంచి ఆటగాణ్ణి నాన్న ఆడించకుండా పక్కన కూర్చోబెట్టాడు. ఒక్క గోలుతో ఓడిపోయాం. పెద్దమనుషులు వచ్చారు, అమ్మ టీ ఇచ్చింది, సంచి వెళ్ళిపోయింది. వెళ్ళింది మరెక్కడికో కాదు, నాన్నకు ప్రాణస్నేహితుడైన, మా వీధి చివర ఉండే టైలర్ మామ ఇంటికి. మామ అదే కుర్రాణ్ణి ఆడించాడు, తర్వాతి ఆట గెలిచాడు. మేనేజరంటే ఇట్లుండాలని మెట్ల మీద అందరూ మెచ్చుకున్నారు. ఆ జట్టుకు ఆట నేర్పిన మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడని ఎవరికీ తోచలేదు. నాన్నకు మాత్రం తోచి ఉంటుంది.

ఆ తర్వాత మెట్ల మీద అందరికంటే గట్టిగా అరిచే మనిషి ఆయనే అయ్యాడు. జట్టు తడబడిన ఒకరోజు, "టేపు పట్టుకునేటోనికి గ్రౌండు కొలత యాడ తెలుస్తాదప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు. మామ వెనక్కి తిరిగి చూడలేదు. మరునాడు, నా స్కూలు యూనిఫాం కోసం ఇచ్చిన గుడ్డ కత్తెర పడకుండానే మడతపెట్టి తిరిగి వచ్చింది.

తెచ్చింది మామ కూతురు. నాది, ఆ అమ్మాయిది ఒకే తరగతి, ఒకే బెంచీ. మాట్లాడుకోవద్దని మాకెవరూ చెప్పలేదు. గుడ్డ గడప బయటే అమ్మ చేతికిచ్చి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. స్కూల్లో వెనక బెంచీకి మారింది. ఎవరు ముందు మాట్లాడాలో తేలకుండానే ఏడాది గడిచింది.

ఆ ఏడాది చివర మామ ఇంటి నుంచి కూడా సంచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మెట్లకు ఆ కొసన మామ, ఈ కొసన నాన్న కూర్చుని, మూడో మేనేజర్‌ను అవే మాటలు అనేవారు. ఆట గురించి వాళ్ళిద్దరి అభిప్రాయం ఎప్పుడూ ఒకటే. అయినా మధ్యలో ఉన్న జాగా ఎవరూ దాటలేదు. తర్వాత మామ వాళ్ళు కడపకు వెళ్ళి దుకాణం పెట్టుకున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు.

ఆ ముగ్గురిలో ఎవరు మంచి మేనేజరంటే ఇప్పటికీ చెప్పలేను. నాన్నకు క్రమశిక్షణ తెలుసు, మామకు కుర్రాళ్ళ మనసు తెలుసు, మూడో ఆయనకు ఎంత రద్దీ రోజైనా జీపు సంపాదించడం తెలుసు. ముగ్గురూ గెలిచిందీ ఓడిందీ దాదాపు సమానమే.

ఇప్పుడు ఆ మెట్లు ఖాళీ. తీర్పులన్నీ ఫోనులోనే, క్లబ్బు గ్రూపులో. ఎదురింటన్నను ఈ సీజనంతా ఎన్నెన్ని అన్నారో, ఎన్ని నవ్వే బొమ్మలు పెట్టారో చదివాను. అక్క కూడా చదివే ఉంటుంది. ఆ మాటలు అనేవాళ్ళ ముఖం కనపడదు, మరునాడు టీకి వచ్చి కూర్చునే వాళ్ళూ లేరు. మా ఆయన ఒక్క మాట అనలేదు. అయితే, అనొద్దని కూడా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, "నేను వద్దంటే క్లబ్బు మూసేస్తారంట" అన్నాడు. అదీ నిజమే కావచ్చు.

సోమవారం పొద్దున మా పెద్దవాడు బూట్లు వేసుకుంటూ, నాన్న మేనేజర్ అయిన సంగతి ఆటోలో అందరికీ చెప్తానన్నాడు. చిన్నది జడ వేయించుకుంటూ అవునవునంది. ఇద్దరినీ దగ్గరికి పిలిచి చెప్పాను.

"ఆ మాట ఎత్తొద్దు. ఆటో వచ్చినా ఎక్కొద్దు, వాళ్ళింటికి పోయి ఆ పిల్లల్ని పిలుచుకొని రండి. రామంటే ఆడనే నిలబడండి. రేపు మీ నాయన ఓడిపోతే వాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి. స్కూలుకు లేటైతే నేనొచ్చి టీచరుకు చెప్పుకుంటా. వాళ్ళు లేకుండా మాత్రం పోవద్దు."