ఎవరూ లేని దారి

ఆదివారం మధ్యాహ్నం, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్.

మా వదిన బుధవారం ఉదయం బళేపేటలోని తన ఇంట్లో పోయారు. మా ఆయనకు పెద్దక్క ఆవిడ. ఆడపిల్లల కాలేజీలో చాలాకాలం తర్కమూ నీతిశాస్త్రమూ చెప్పి రిటైరైన మనిషి. కర్మలు ముగియకముందే నేను కాగితం ముందు కూర్చోవడం ఇంట్లో కొందరికి నచ్చలేదు. కానీ రేపు సోమవారం. మా మనవరాలి ఉద్యోగం నిలుస్తుందో ఊడుతుందో రేపు తేలుతుంది. తేలాక రాస్తే ఆ ఫలితాన్ని బట్టి వదినను మెచ్చుకున్నట్టో తప్పుపట్టినట్టో అవుతుంది. ఫలితాన్ని పక్కన పెట్టి కర్తవ్యం ఏమిటని జీవితమంతా అడిగిన మనిషిని అలా తలుచుకోవడం న్యాయం కాదు. అందుకని ఇవాళే రాస్తున్నాను. దుఃఖం ఉంది. దానికంటే ఉత్సాహం ఎక్కువగా ఉంది, దాచను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను, పొగడ్త కలపను.

ఈ ఊళ్ళో ఎవరికి ఫోన్ చేసి ఎక్కడున్నారని అడిగినా ఒకటే జవాబు: దారిలో ఉన్నాను. స్నానం చేయనివాళ్ళు కూడా దారిలోనే ఉంటారు. వదిన నోట ఆ మాట నేను ఒక్కసారి కూడా అబద్ధంగా వినలేదు. మా చిన్నబ్బాయి నిశ్చితార్థం నాడు ముహూర్తం దగ్గరపడుతుంటే అందరికీ ఫోన్లు చేశాం. అందరూ సిల్క్ బోర్డు కూడలి దాటేశామన్నారు. పురోహితుడు కూడా దారిలోనే ఉన్నానన్నాడు. ఆయన మాట వెనకాల కుక్కర్ కూత వినిపించింది. వదిన మాత్రం, ఇంకా జడ వేసుకుంటున్నానని, తన కోసం ఆగవద్దని చెప్పారు. కాబోయే వియ్యపురాలు ముఖం ముడుచుకుంది. సొంత మేనత్తకే ఇంత నిర్లక్ష్యమా అని నాకు వినబడేట్టు గొణిగింది. తీరా చూస్తే దారిలో ఉన్నవాళ్ళలో సగం మంది వదిన వచ్చిన తర్వాత వచ్చారు. ఆ మాత్రం మర్యాదకైనా ఒక మాట అనకూడదా అని నేను కోప్పడితే ఆవిడ నవ్వారు.

"ఊరంతా దారిలోనే ఉంటే ఇండ్లల్లో ఎవురుండారప్పా?"

అప్పుడు హాస్యంగా తీసుకున్నాను. అది ఆవిడ పాఠమని తర్వాత అర్థమైంది. ఏ పని చేసే ముందైనా, ఇదే పని అందరూ చేస్తే ఆ పనికి అర్థం మిగులుతుందా అని అడిగి చూడమనేవారు. నిజం చెప్పేవాళ్ళు ఎక్కువగా ఉన్నంతకాలమే అబద్ధం చెల్లుతుంది. "అబద్ధానికి సొంత కాళ్ళు ఉండవు. ఊరి నిజం వీపున ఎక్కి సవారీ చేస్తాది" అనేవారు. క్యూలో దూరేవాడు, ఒన్‌వేలో ఎదురొచ్చేవాడు, అందరికీ ఆ సవారీయే. ఇక్కడివాళ్ళు కన్నడంలో "స్వల్ప అడ్జస్ట్ మాడి", కాస్త సర్దుకోండి, అంటే ఆవిడ మర్యాదగానే అడిగేవారు, అందరూ అడ్జస్ట్ అడిగితే అడ్జస్ట్ అయ్యేవాళ్ళు ఎవరని.

అలాగని వదిన మొరటు మనిషి కాదు. అడగనిదానికి జవాబు చెప్పే బాధ్యత లేదనేవారు. నా రసం ఎలా ఉందని ఎవరూ అడగకపోతే ఆవిడా ఏమీ అనేవారు కాదు. అడిగితే మాత్రం తప్పదు.

ఒక విషయంలో నేను ఇప్పటికీ ఆవిడతో ఏకీభవించను. ఒక సాయంత్రం నేను బళేపేటలో ఉండగా ఎదురింటి కోడలు పరుగున వచ్చి వంటింట్లో దాక్కుంది. వెనకే మొగుడు, బాగా తాగి ఉన్నాడు. తన పెళ్ళాం ఇక్కడికి వచ్చిందా అని గుమ్మంలో నిలబడి అడిగాడు. లేదు అనే మాట నా నాలుక చివర ఉంది. వదిన నా చెయ్యి పట్టుకుని నొక్కారు.

"లోపలే ఉండాది. చూపీను" అన్నారు. "నన్ను దాటి పోతావా, దాటు. సందంతా చూస్తా ఉండాది."

నిజంగానే సందు చూస్తోంది. గాజుల అంగళ్ళవాళ్ళు మెట్లు దిగి వచ్చారు. వాడు కాసేపు తిట్టి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల మర్నాడు పుట్టింటికి వెళ్ళేదాకా వదిన మంచం మీదే పడుకుంది. వాడు తోసుకుని వచ్చి ఉంటే ఏమయ్యేదని నేను ఎగిరిపడ్డాను. లేదని చెబితే వాడు రేపు మళ్ళీ వస్తాడని, ఉందని చెప్పి అడ్డం నిలబడితే ఇంక ఎవరి ముందు నిలబడాలో వాడికి తెలుస్తుందని ఆవిడ జవాబు. నేనైతే లేదనే అంటాను. ఆ గుమ్మంలో సందు జనం లేకపోతే ఏమిటన్న నా ప్రశ్నకు ఆవిడ దగ్గర సరైన జవాబు లేదు. లేదని ఆవిడే ఒప్పుకున్నారు కూడా. అలా ఒప్పుకోవడమే నాకు ఎక్కువ నచ్చింది.

ఇక మనవరాలి సంగతి. ఇంటికి మందులు పంపే ఒక చిన్న కంపెనీలో చేరింది. ఇంకా ప్రొబేషన్. మందులు ప్యాక్ కాకముందే ఫోన్‌లో "ఆర్డర్ దారిలో ఉంది" అని కనిపించేలా మార్చమని పైవాళ్ళు చెప్పారు. అలా చేస్తే జనం క్యాన్సిల్ చేయరట. ఆ పని దాని చేతికే వచ్చింది. ఏం చేయాలో తోచక, పోయిన ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బళేపేట వచ్చింది. వదిన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. గొంతు సన్నగా వస్తోంది, చూపులో మాత్రం పదును తగ్గలేదు.

"జస్ట్ స్టేటస్ మెసేజ్ అవ్వా. అన్ని యాప్స్ ఇదే చేస్తాయి."

"మందు ఇంగా అంగట్లోనే ఉండాది గదా. మరి దారిలో ఉండేది ఎవురు?"

"ఎవరూ లేరు."

"ఎవురూ లేని దారిని రాయమంటాండారా నిన్ను?"

పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. ఈ మాటను ముందుగా కొన్నిచోట్ల పెట్టి చూశారని, పోయిన వారం చందాపుర నుంచి ఒక తల్లి కంప్లయింట్ పెట్టిందని అప్పుడు చెప్పింది. బిడ్డకు జ్వరం. మందు దారిలో ఉందని నమ్మి కూర్చుంటే, ఈలోగా వీధి చివర మెడికల్ షాపు మూసేశారు. ఆ తల్లిని కూర్చోబెట్టి తమ పని జరుపుకున్నారని, మనిషి ఎవరికీ నిచ్చెన కాదని వదిన మెల్లగా అన్నారు.

నేను అడ్డుపడ్డాను. ముందు ప్రొబేషన్ దాటనీ, ఆ నీతి తర్వాత చూసుకోవచ్చన్నాను.

"తర్వాత అనేది కూడా 'దారిలో ఉండాను' మాదిరేనమ్మా" అన్నారు నన్ను చూసి.

"నా జాబ్ పోతే అవ్వా?" అంది పిల్ల.

"పోవచ్చు. పోదని చెప్తే అది అబద్ధమైతాది."

ఏం చేయమనీ చెప్పలేదు. చేయి పట్టుకుని కూర్చున్నారంతే.

శుక్రవారం మనవరాలు ఆఫీసుకు వెళ్ళి, ఆ మాట తాను రాయనని మేనేజరుతో చెప్పింది. దానికి బదులు "మందులు ఇంకా బయలుదేరలేదు" అనే మాటా, ఎప్పుడు బయలుదేరవచ్చో ఒక అంచనా రాసి చూపించింది. అందరూ చేస్తుంటే నీకొక్కదానికే ఏమిటమ్మా అని ఆయన అడిగాడట. "అందరూ చేస్తున్నారు కాబట్టే సర్, ఎవరూ నమ్మడం లేదు" అందట. ఆయన సోమవారం కంపెనీ పెట్టినవాళ్ళ ముందే ఈ మాట చెప్పమన్నాడట. ఇది నేను విన్నది. చూసింది ఏమిటంటే, ఇంటికి వచ్చిన పిల్ల రెండు పళ్ళేల అన్నం తినడం. దాని ఎదురుగా కూర్చుని నేనూ తిన్నాను. మైలలో ఉన్న ఇంట్లో ఆకలి ఇంత సంతోషంగా వేస్తుందని నాకు తెలియదు.

ఇక జరగవలసినవి:

1. రేపు మీటింగ్‌కి మనవరాలు ఒక్కతే వెళ్ళాలి. ఏం మాట్లాడాలో నేను చెప్పకూడదు.

2. ఉద్యోగం పోతే, ముందే చెప్పామా లేదా అని ఇంట్లో ఎవరూ అనకూడదు. ముఖ్యంగా నేను.

3. ఉద్యోగం నిలిస్తే, నీతి గెలిచిందని బంధువులకు ఫోన్లు చేయకూడదు. నిలవకపోయినా అది చేసిన పని అంతే సరైనది.

4. గుమ్మంలో అబద్ధం చెప్పే విషయంలో మా వాదన తేలలేదు. ఇకమీదట రెండు వైపులా నేనే వాదించుకోవాలి.

5. రేపు సాయంత్రం దీపం పెట్టాక, పిల్ల తిరిగొచ్చే వేళకు నేను బాల్కనీలో నిలబడాలి. మలుపు తిరిగి మా గేటు ముందు ఆగే ప్రతి ఆటోలోంచి మొదట ఎవరి పాదం కింద పడుతుందో, అది మా పిల్లదైతే ఆ నడక ఎలా ఉందో చూడాలి.