మంగళవారం సెలవు

సహోదరులారా, అక్కల్లారా, నాకు జబ్బు పూర్తిగా నయమైపోయిందని ఈ మందిరంలోనే, ఇదే మైకులో చెప్పిన రోజునుంచే నాకు చీకటి రోజులు మొదలయ్యాయి! చెప్పింది నేను కాదు, మా అత్తగారు. నాకు పెళ్ళికి ముందునుంచీ మూర్ఛ ఉంది, ఒకసారి మీ మధ్యనే పడిపోయాను కూడా. గుంటూరులో పెద్దాసుపత్రికి నెలకొక మంగళవారం వెళ్ళి మాత్రలు తెచ్చుకుని పూట తప్పకుండా మింగుతుంటే ఏడాదిగా పడలేదు. మా అత్తగారు ఆ ఏడాదిని చూసింది గానీ మాత్రల్ని చూడలేదు. ఉజ్జీవ కూడికల్లో సాక్ష్యం చెప్పడానికి లేచి, మా కోడల్ని దేవుడు ముట్టాడు, మూర్ఛ పోయింది, దేవునికే మహిమ అంది, మీరందరూ చప్పట్లు కొట్టారు, ఆవిడ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు, ఇంక నాకు నోరు పెగల్లేదు.

నేను మిరపకాయల షెడ్డులో తొడిమలు తీస్తాను. అక్కడ సూపర్‌వైజరు మన సంఘ పెద్ద ప్రభుదాసు అన్నయ్యే, ఇదిగో ముందు వరసలో ఉన్నారు. ఆ నెల మంగళవారం సెలవడిగితే నన్ను ఎగాదిగా చూశారు.

"నయమైపోయిందని మీ అత్త చెప్పింది కదమ్మా? మరి ఆసుపత్రి దేనికి? మందిరంలో మీ అత్త అబద్ధం చెప్పిందా, ఇక్కడ నువ్వు చెబుతున్నావా?"

ఏం చెప్పను! నిజం చెబితే మా అత్త దేవుని సన్నిధిలో అబద్ధమాడినట్టు, ఊరుకుంటే నేను పని ఎగ్గొట్టేదాన్ని. ఇక షెడ్డంతా గుసగుసలే, పక్క షెడ్డులో కూలి ఎక్కువిస్తే అక్కడికి పోదామని చూస్తోందని ఒకరు, పుట్టింటికని ఇంకొకరు. నేనూ తక్కువ తినలేదు లెండి. నా పక్కన కూర్చునే మరియమ్మక్క నా మాటలు అన్నయ్యకి మోస్తోందని ఆమెతో మాట్లాడటం మానేశాను. ఇంట్లో మా అత్త నా సంచి కదిపితే మాత్రల కోసం వెతుకుతోందని వాటిని బియ్యం డబ్బాలో దాచాను. ప్రార్థనలో ప్రభుదాసు అన్నయ్య ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నారేమోనని నేనూ ఒక కన్ను తెరిచి చూసేదాన్ని! నవ్వకండి, నిజం.

సెలవు రాలేదు. మాత్రలు అయిపోవస్తుంటే పూటపూటా వేసుకోవాల్సింది రోజుకొకటి చేశాను, తర్వాత రోజు మార్చి రోజు. ఒకనాడు పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి, నా చంటిపిల్ల ఒళ్ళో ఉంది, నాలుక మీద ఇనుము నాకినట్టు ఆ పాత రుచి వచ్చింది, నేను పడిపోయే ముందు వచ్చే రుచి! గబగబా పిల్లని దూరంగా కూర్చోబెట్టి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ రోజు పడలేదు, దేవునికి స్తోత్రం. కానీ అక్కడే మోకరించి ఏడ్చాను: "ప్రభువా, నన్ను ముట్టావో, మాత్రని ముట్టావో నాకు తెలియదు. నేను అబద్ధికురాలినో, మా అత్త అబద్ధికురాలో నువ్వే తేల్చు. నాకు మాత్రం నా పిల్ల కావాలి తండ్రీ. ఈ మంగళవారం బస్సెక్కుతాను, పని పోతే పోనీ, నువ్వు నా వెంట రా."

దేవుడి కంటే ముందు మా అత్త వచ్చింది! కోడలు ఎక్కడికి పోతోందో కనిపెడదామని అదే బస్సులో వెనక సీట్లో ముసుగేసుకుని కూర్చుంది. ఆసుపత్రి వరండాలో వరసలో నిలబడ్డానో లేదో వెనక దగ్గు వినపడింది, ఇంట్లో రోజూ వినే దగ్గు. తిరిగి చూస్తే ఆవిడే!

"ఇక్కడికేనా నువ్వొచ్చేది?" అంది.

"ఎక్కడికనుకున్నారు అత్తయ్యా?" అన్నాను. ఆవిడ నా వెంటే డాక్టరమ్మ గదిలోకి వచ్చింది.

డాక్టరమ్మ నాలుగు ప్రశ్నలడిగి, మాత్రలు తప్పానని పట్టేసింది. "పొయ్యి మీద పడితే నీ గతేంటమ్మా? ఎవరు మానేయమన్నారు?" అని కేకలేసింది. ఇప్పుడు మా అత్త తప్పంతా నా మీద వేసి చక్కగా తప్పుకుంటుందని పక్కచూపు చూశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనేనమ్మా. మానేయమని అనలేదు గానీ, నేను ఊరందరి ముందు అన్న మాట వల్లే ఇది భయపడి మానేసింది" అంది.

తిరుగు బస్సులో మాత్రల కవరు ఆవిడే ఒళ్ళో పెట్టుకుంది. ఏ కాలవలోనో విసిరేస్తుందేమోనని ఊరొచ్చేదాకా నేను దాని మీదనుంచి కన్ను తీయలేదు. ఇంటికొచ్చి అన్నం పెట్టి, మాత్ర నా చేతిలో వేసి, నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఇది కూడా నువ్విచ్చిందే, నా కోడల్ని కాపాడు" అని ప్రార్థించింది. వెక్కి వెక్కి ఏడ్చాను! ఎంతమందిని అనుమానించానో, ఎంత దాచుకు బతికానో, ఆ బరువంతా ఆ రోజు దేవుడు నా మీదనుంచి దించేశాడు. ఆయనకే మహిమ!

మర్నాడు షెడ్డుకెళితే ప్రభుదాసు అన్నయ్య గేటు దగ్గరే ఆపేశారు. ఏది నిజమో ఆదివారం సంఘం ముందు తేల్చాకే పనిలోకి రమ్మన్నారు. అందుకే నిలబడ్డాను, మా అత్తగారు కూడా నా పక్కనే నిలబడింది, చూడండి. నాకు మూర్ఛ ఉంది. రేపూ ఉంటుంది. ఏడాదిపాటు నన్ను పడనివ్వకుండా కాపాడింది దేవుడే, ఆ మాత్రతోనే కాపాడాడు. మీలో షుగరు మాత్రలు, బీపీ మాత్రలు కొంగున ముడేసుకుని దాచుకున్నవాళ్ళు ఉన్నారని నాకు గట్టి అనుమానం! అక్కల్లారా, అన్నల్లారా, ఆయన్ని నమ్మండి, భయపడకుండా మాత్ర వేసుకోండి, ఆయన దగ్గర దాచాల్సింది ఏమీ లేదు. ఆమేన్ అంటారా?

సంతోషం, అందరూ అన్నారు. ప్రభుదాసు అన్నయ్యా, వచ్చే నెల మంగళవారం నాకు సెలవు కావాలి. మీ ఆమేన్ ఒక్కటే నాకింకా వినపడలేదు.