వరి అన్నం తినే ఇల్లు

ఇప్పుడు ఎవరి ఇంట్లో ఏం వండారో ఎవరికీ పట్టదు గానీ, నేను పెరిగిన రోజుల్లో కర్నూలు జిల్లా పడమటి ఊళ్లలో మనిషి పరువు అతని కంచంలో ఉండేది. వరి అన్నం తినేవాడు పెద్దవాడు, సంగటి తినేవాడు మామూలువాడు. మాది పెద్ద ఇల్లు. (ఇల్లు మాత్రమే పెద్దది. తాతగారి భూములు కోర్టుల పాలు కాగా మాకు మిగిలినవి పన్నెండు గుమ్మాలు, ఆయన నల్లకోటు, ఇంటిపేరు.) ఊరందరిలాగే మేమూ మధ్యాహ్నం జొన్న సంగటి, మిగతా పూటలు కొర్రన్నం తినేవాళ్లం. కాకపోతే తలుపులు మూసుకుని తినేవాళ్లం. సంగటి గెలికేటప్పుడు తెడ్డు కుండకు తగిలే చప్పుడు వీధిలోకి పోకుండా, అమ్మ తెడ్డు పట్టగానే నాన్న వసారాలో కూర్చుని శ్లోకాలు బిగ్గరగా అందుకునేవాడు. ఆయనంత భక్తుడు తాలూకాలోనే లేడని పేరొచ్చింది. పిండి ఉండలు కట్టిన రోజు భక్తి ఇంకాస్త సేపు సాగేది.

ఇరవై రెండో ఏట నాకు బ్లాకులో, రైతులకు సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవకుడి ఉద్యోగం దొరికింది. ఉద్యోగం అనడం చిన్నతనంగా తోచి, బంధువులతో దేశసేవ అని చెప్పేవాణ్ణి. తాతగారి కోటు తొడుక్కుని, ఎండాకాలంలో కూడా బొత్తాలు విప్పకుండా ఊళ్లు తిరిగేవాణ్ణి. పత్తికొండ దాటాక నా వంతులో ఒక ఊరుండేది. అక్కడి మిషన్ బడిలో చెప్పే టీచరమ్మ ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. జనం కొర్ర, జొన్న మానేసి చేనంతా బుడ్డలు, అంటే వేరుశనగ, వేయడం మొదలుపెట్టిన కాలమది. కాయలు అమ్మి బియ్యం కొనుక్కోవచ్చని ఆశ. అంతకు ముందు వచ్చిన కరువులో, గాదెలో కొర్రలున్న ఇళ్లవాళ్లు గంజి కేంద్రం ముందు నిలబడలేదని ఆమె కళ్లారా చూసింది. అందుకే ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, పసిపిల్లలకు రాగి జావ ఎలా కాచాలో, కొర్రలు పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి ఎలా దాచాలో చేసి చూపించేది. చర్చికి రాని ఇళ్ల ఆడవాళ్లు కూడా దానికి మాత్రం వచ్చేవారు. ఇంటికి అర ఎకరా కొర్ర కోసం ఉంచడానికి వాళ్లందరినీ ఒప్పించింది. విత్తనం వేసే రోజులు దగ్గర పడ్డాయి, మగవాళ్లు ఒప్పుకోవాలి. మీటింగు పెట్టి నన్ను పిలిచింది.

"ఆడోళ్లు సరే అన్నారు సార్. మొగోళ్లే నీలుగుతాండారు. మీరు పెద్దింటోళ్లు. నేనూ కొర్రబువ్వ తింటానని ఒక్క మాట చెప్పండి, చాలు. ఇంకేం చెప్పొద్దండి" అంది.

ఇంకేం చెప్పొద్దన్నందుకు నాకు మనసులో కాస్త కష్టమనిపించింది. (అప్పటికే ఎనిమిది పేజీలు రాసుకున్నాను.) ఆ ఎనిమిదీ చదివాను. కొర్రలో ఉన్న బలం, నేలకు అది చేసే మేలు, మన పూర్వుల ఆరోగ్యం. చంటిపిల్లలు నిద్రపోయారు, తర్వాత వాళ్ల తండ్రులు. చివరికి గోడవార కూర్చుని కాయలు ఒలుచుకుంటున్న ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆ ఊళ్లో మొదట వేరుశనగ వేసిన మనిషి కాబట్టి అందరూ ఆయనను బుడ్డల మామ అనేవాళ్లు.

"శానా బాగా చెప్తాండావప్పా. ఒక మాట అడుగుతా, ఏమనుకోవాకు. పొద్దున మీ ఇంట్లో ఏం తినొచ్చినావు?"

కొర్రన్నంలో మజ్జిగ పోసుకుని, మిరపకాయ కొరుక్కుని తినొచ్చాను. టీచరమ్మ ముఖం వెలిగింది. ఆమె అడిగిన ఒక్క మాటకు ఆయనే దారి తీసిపెట్టాడు. నేను నోరు తెరిస్తే చాలు. కానీ నా వీపు దానంతటదే నిటారైంది.

"మాది తాతల కాలం నుంచీ వరి అన్నం తినే ఇల్లు" అన్నాను.

మామ ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "వింటిరా? తినేది వరిబువ్వంట, మనకు చెప్పేది కొర్రబువ్వంట. లేయండి, బుడ్డలేసుకుందాం. దుడ్లొస్తే మనమూ పెద్దింటోళ్లమే."

మగవాళ్లు నవ్వుతూ లేచారు. వెనక నుంచి ఒకామె, "మా పిల్లోళ్లు మాత్రం బియ్యం తినగూడదా టీచరమ్మా?" అని మెల్లగా అడిగింది. అందరూ వెళ్లాక టీచరమ్మ చాపలు చుడుతూ, "మీకోసం కొర్రబువ్వ చేసినాను సార్. మీరు తినరు గదా" అని కుండ మీద మూత పెట్టింది. నాకు కడుపు కాలిపోతోంది. అలాగే నాలుగు మైళ్లు నడిచాను. ఇంట్లో చెబితే అమ్మ, "ఉన్నమాట ఒక్కటి చెప్పింటే ఏం పోతుండెరా?" అని మాత్రం అంది. నాన్న ఆ పూటంతా నా వైపు చూడలేదు.

ఆ ఏడు ఆ ఊళ్లో ఒక్క సాలు కొర్ర పడలేదు. వానలు నడుమ నిలిచిపోయాయి, కాయల్లో పప్పు పట్టలేదు. కొర్రయితే తట్టుకునేది. వేసవికి ఆడవాళ్లు రోడ్డు పనికి పోయి కంకర కొట్టారు. నేను చెప్పిన ఎనిమిది పేజీల్లో ఒక్క ముక్క ఎవరికీ గుర్తు లేదు గానీ, సారు వరిబువ్వ తప్ప ముట్టడన్న మాట మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకింది. ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం, ఆనాడు పిల్లోళ్ల గురించి అడిగినామె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి వరి అన్నం వడ్డించింది. కోడిపెట్టను ఇచ్చి ఆ బియ్యం తెచ్చిందట. లోపల పిల్లలిద్దరు పలచటి అంబలి తాగుతున్నారు.

"అమ్మా, నేనూ సంగటి తినేవాణ్ణే. మా ఇంట్లో ఎప్పుడూ అదే. ఆ రోజు అబద్ధం చెప్పినాను" అన్నాను. నా జన్మలో ఆ నిజం బయటికి చెప్పడం అదే మొదలు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పెద్దింటోళ్లంటే ఇట్లుండాల. మేం బాధపడతామని ఎంత మర్యాదగా అబద్ధమాడతాండారు సామీ."

పిల్లలకు పెడతానని కంచం జరిపితే పట్టుకుని ఆపింది. "వద్దు సామీ. రుచి మరిగితే మళ్ల యాడ తెచ్చేది?" అని ఇంకో గరిటె నా కంచంలోనే వేసింది. తిన్నాను. అంత కష్టపడి ఏ అన్నమూ తినలేదు.

టీచరమ్మను ఆ తర్వాత వేంపల్లె వైపు మార్చారు. ఆరు నెలలు ఆలోచించి, క్షమించమని ఉత్తరం రాశాను. కార్డు మీద రెండు ముక్కలు జవాబు వచ్చింది. అక్కడా వంటలు మొదలుపెట్టిందట. "ఆదివారాల్లో రండి సార్. ఏమీ మాట్లాడొద్దు. అందరితో కూర్చుని తినిపోండి, చాలు" అని రాసింది.

నేను వెళ్లలేదు. పదిమందిలో నేల మీద కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా తిని రావడం మా వంశంలో లేదని అనుకున్నాను. ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. వేంపల్లెకు అప్పట్లో రోజూ బస్సుండేది.