విచారణకు పిలిచిన కార్డులు

1984 ఫిబ్రవరిలో ఒక సోమవారం, ఆదోనిలో నేను లెక్కలు చెప్పే బాలికల బడికి ఒకామె వచ్చింది. పన్నెండేళ్ల కిందట నా తరగతిలో కూర్చున్న పిల్ల. ఊళ్లోని అనాథ పిల్లల వసతి గృహంలో ఉంటూ మా బడికి వచ్చేది. ఇప్పుడు ఎమ్మిగనూరులో మగ్గం నేసేవారి ఇంటి కోడలు. ఆ వసతి గృహం వార్డెన్ పిల్లలను ధాన్యం గదిలో పెట్టి తాళం వేసేవాడని, తడిపిన తాడుతో కొట్టేవాడని చెప్పింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"చెయ్యేమయిందని మీరు అడిగినారు మేడం. కింద పడినా అని అన్న్యాను. మీరు నమ్మినారు."

నమ్మాను. ఆమె వెళ్లాక పాత హాజరు పట్టీ తీశాను. చేతికి దెబ్బ తగిలిన ఆ వారం ఆమెకు నాలుగు గైర్హాజరులు వేశాను. కారణం రాయలేదు.

ఆ వార్డెన్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడున్న పిల్లల కోసమే ఆమె వచ్చింది. వసతి గృహం కార్యదర్శి దగ్గరకు నేనే వెళ్లాను. విచారణ పెడతామన్నాడు. విచారించేది వాళ్ల సంఘంలోని ముగ్గురే, కూర్చునేది వాళ్ల హాల్లోనే.

"ఇంటి సంగతి టీచరమ్మా. బయటోళ్లు యాలప్పా?"

"పరీక్ష రాసిన పిల్లే పేపరు దిద్దుకుంటే నూటికి నూరు వస్తాయి" అన్నాను.

"లెక్కల టీచరుతో పెట్టుకుంటే ఇంతే!" అని నవ్వాడు. మాట మాత్రం మార్చుకోలేదు.

రెవెన్యూ డివిజన్ కచేరీకి నాలుగు అర్జీలు పెట్టాను. ప్రతి అర్జీకీ రసీదు అడిగి తీసుకున్నాను. జవాబు కోసం రెండు నెలలు ఏ పని చేస్తున్నా చెవి గేటు వైపే ఉండేది. జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. వసతి గృహంతో సంబంధం లేని ఇద్దరు విచారిస్తారు: కోర్టులో జడ్జిగా చేసి పదవీ విరమణ పొందిన ఒక మున్సబు గారు, ఒక డాక్టరమ్మ. నాది రాతపని. సభ్యురాలిగా ఉండమంటే వద్దన్నాను, నేనూ సాక్షినే కాబట్టి. విచారణ వేరే చోట జరగాలి, అది ముగిసేదాకా వార్డెన్ సెలవులో ఉండాలి, పిల్లల పేర్లు వాళ్ల జాబితా నుంచి కాక మా బడి రిజిస్టరు నుంచి తీయాలి అన్నాను. మూడింటికీ ఒప్పుకున్నారు. నాకు గర్వంగానే అనిపించింది.

రిజిస్టరులో దొరికిన వసతి గృహం పాత పిల్లలు ఇరవై ముగ్గురి అత్తవారి ఊళ్లు కనుక్కుని, అందరికీ పోస్టుకార్డులు రాశాను. తేదీ, వేళ, చోటు. ఏదీ అస్పష్టంగా ఉండకూడదని విషయం కూడా: "వసతి గృహంలో ఉండగా మీపై జరిగిన దౌర్జన్యం గురించి."

తన ఫిర్యాదు మీద సంతకం పెట్టడానికి గురువారం వస్తానన్న ఎమ్మిగనూరు ఆమె రాలేదు. శుక్రవారం సెలవు పెట్టి ఎమ్మిగనూరు బస్సెక్కాను. వాకిట్లో ఆమె అత్త రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది.

"కార్డు రాసిన టీచరమ్మ నువ్వేనా? పోస్టాయప్ప ఈడనే నిలబడి సదివినాడు. ఈదంతా ఇన్న్యారు. ఒకరు ఒక తీరు సెప్పుకుంటాండారు. నా కొడుకు మూడు దినాల నుంచి ఆ పిల్లతో మాట్లాడల్యా."

ఆ వీధుల్లో కార్డు వస్తే పోస్టుమాన్ చదివి వినిపించాలి. అది నాకు తెలియని సంగతి కాదు. కార్డులు రాస్తున్నప్పుడు తట్టలేదు, అంతే.

కోడలు మగ్గం గుంటలోంచి తల ఎత్తలేదు. "నేను రాను మేడం. పొండి."

"తప్పు నాది" అన్నాను.

"తప్పని ఈడ సెప్తే సరా? ఈది నోరు మూస్తుందా?" అంది అత్త. కాసేపటికి రాట్నం ఆపింది. "ఆడ ఏం జరిగిందమ్మా? నాకీ పిల్ల ఎప్పుడూ సెప్పల్యా."

చెప్పబోయి ఆగాను. "మీ కోడలినే అడగండి. చెప్పకపోతే వదిలేయండి."

మిగిలిన కార్డులైనా ఆపించాలని ఆదోనిలో దిగి నేరుగా పోస్టాఫీసుకు పోయాను. కార్డులన్నీ వెళ్లిపోయాయన్నారు. ఆ తరువాత మిగతా వాళ్ల ఊళ్లు తిరుగుతూ ఆదివారాలన్నీ బస్సుల్లోనే గడిచాయి. బడి సర్టిఫికెట్టు పని అని చెప్పి లోపలికి వెళ్లేదాన్ని. కొన్ని గడపల్లో నా ముఖం చూడగానే తలుపు వేశారు.

ఆగస్టులో విచారణ మొదలైంది. మొదటి రోజు పది గంటలకు ఆమె వచ్చింది. అత్త వెంటే ఉంది.

"రాసుకోండప్పా" అంది అత్త మున్సబు గారితో. "మూడు దినాలు నాకు సెప్పింది. నా కొడుకుతో నేను మాట్లాడినా. మళ్లా కార్డులు మాత్రం రాయాకండి."

ఆమె ఒంటి గంట దాటేదాకా చెప్పింది. ఈసారి కూర్చునే చెప్పింది.

మొత్తం తొమ్మిది మంది వచ్చారు. వార్డెన్‌ను తీసేయడానికి ఆ తొమ్మిది వాంగ్మూలాలు సరిపోయాయి. మిగతా పద్నాలుగు మంది గురించి మున్సబు గారు "నోటీసు అందినా హాజరు కాలేదు" అని రాయించబోతే నా కలం ఆగింది.

"అందడం వల్లనే రాలేదేమో సార్."

"నివేదికలో అట్లాంటివి రాయకూడదమ్మా."

వేరే కాగితం మీద రాశాను. కార్డులో నేను వాడిన మాటలు, పంపిన తేదీ, తలుపు వేసిన ఇళ్లు ఎన్నో. కింద సంతకం చేసి నివేదికకు జత చేశాను. ఆయన చదివి, వద్దనలేదు. ఆ పద్నాలుగు ఇళ్లలో కార్డు చదివాక ఏం జరిగిందో మాత్రం ఆ కాగితంలో లేదు. నాకు తెలియదు.