ఉడుము సినిమాలో తబిత

బళ్లారిలోని ఒక పాత క్రైస్తవ మిషన్ గుడి పెద్దలు ఇరవై ఏళ్ల తబితను పాటలు పాడే క్వాయర్ నుంచి వెళ్లగొట్టింది సినిమాలో నటించినందుకు కాదు, ఉడుముకు మొక్కిందని.

అదేమీ మామూలు ఉడుము కాదు. తల ఒక్కటే లారీ అంత ఉండేది. గనుల్లో పేలిన మందుకు నిద్రలేచి, కొండంత పెరిగి, ఊళ్ల మీద పడే రాక్షసి. గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టుండే కొండలు కావాలని వెతుక్కుంటూ మద్రాసు సినిమావాళ్లు సంగనకల్లు చేరారు. ఉడుము తలను ఒక టిప్పర్ తొట్టి మీద కట్టారు. డ్రైవరు లివరు లాగితే తొట్టి పైకి లేచేది, ఉడుము తలెత్తేది. చర్మం మాత్రం గోనెసంచులే. వాటిని కుట్టడానికి కుట్టుపని వచ్చిన ఆడవాళ్లను ఊళ్లోంచి పిలిపించారు. తబిత పోయింది అందుకే. నటించడానికి కాదు.

కథలో ఊరంతా ఉడుమును దేవుడనుకుని సాగిలపడుతుంది. ఒక పిల్ల హారతి పళ్లెంతో ముందుకొచ్చి, దాని కళ్లలోకి చూసి, పళ్లెం దాని మూతిమీద విసిరికొడుతుంది. ఆ వేషానికి తెచ్చిన మద్రాసు పిల్ల, ఉడుము తల లేచినప్పుడల్లా పళ్లెం అక్కడే పారేసి కారులోకి పరుగెత్తేది. దర్శకుడు విసిగిపోయి చుట్టూ చూశాడు. ఉడుము దవడ కింద కాళ్లు చాపుకుని కూర్చుని, ఊడిన కుట్టు వేసి పళ్లతో దారం కొరుకుతున్న తబిత కనిపించింది.

"నీకు భయం లేదా అమ్మా?"

"నేను కుట్టిందే గదా సార్. దాని లోపల ఏముండాదో నాకు గొత్తు లేదా?"

అట్లా దొరికింది వేషం. పొద్దున సాగిలపడే ముక్క తీశారు, సాయంత్రం పళ్లెం విసిరే ముక్క తీశారు. తప్పంతా అక్కడే జరిగింది. రైల్వేలో గుమాస్తా, సంఘంలో పెద్ద అయిన కృపానిధి పొద్దున సైకిల్ మీద అటు పోతూ ఆగాడు. చేతిలో హారతి పట్టుకుని ఉడుము ముందు నిలబడిన తబితను చూశాడు. డ్యూటీకి ఆలస్యమవుతుందని సాయంత్రం దాకా ఉండలేదు. చూసినంతవరకు మాత్రం ఆదివారానికల్లా సంఘమంతా తెలిసింది.

విచారణ జరిగింది. "దాన్ని కుట్టిన చేతులతోనే దానికి మొక్కింది. ఇంతకన్నా విగ్రహారాధన ఇంకోటుంటుందా?" అన్నాడు కృపానిధి.

"మొక్కలేదన్నా, కొట్టినా. నమ్మకుంటే సినిమా వచ్చినాంక పోయి సూడండి," అంది తబిత.

పెద్దల ముఖాలు మాడిపోయాయి. సంఘంలో సినిమా చూడటమే పాపం. పెద్దలనే సినిమాకు పొమ్మంటుందా ఈ పిల్ల? అది రెండో నేరమైంది. ప్రభు భోజనం బల్లకు ఒక ఏడాది దూరం పెట్టారు. అది తీరింది. క్వాయర్‌లోకి మాత్రం, నిలబడి తప్పు ఒప్పుకుంటేనే రానిస్తామన్నారు. ఒప్పుకోవడానికి ఆమె దగ్గర తప్పు లేదు. సినిమా బళ్లారికి వచ్చినప్పుడు హాలు ఎదుటి టీ అంగడిలో పెద్దలు ఒక మనిషిని కాపలా కూర్చోబెట్టారు. సంఘంవాళ్లు ఒక్కరూ లోపలికి పోలేదని అతను చెప్పాడు. పెద్దలు సంతోషించారు. ఆమె తరఫున మాట చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా పోయారు.

అప్పటినుంచి తబిత కడపటి బెంచీ. గొంతుకు మాత్రం బెంచీ లేదు. క్వాయర్ ముందు నుంచి పాడితే ఆమె వెనక నుంచి అందుకునేది. కొత్తవాళ్లకు, గుడికి రెండు క్వాయర్లున్నాయేమో అనిపించేది. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, భర్త పోయాడు. గాంధీనగర్‌లోని ఇంటి ముందరి గదిలో కుట్టుమిషన్లు వేసుకుని జీన్స్ ప్యాంట్లు కుట్టింది. ఆ గుడ్డ సూదులను విరిచేస్తుంది. ఉడుము తోలు కుట్టినదానికి ఇదొక లెక్కా అని నవ్వేది. కానీ క్వాయర్ కొత్త పాట నేర్చుకునే శుక్రవారం సాయంత్రాల్లో మిషన్ ఆపేసేది. గుడి రెండు వీధుల అవతలే. కిటికీ తీస్తే అంతా వినబడేది. ఆ వరుసలో నిలబడాలన్న కోరిక ఆమెకు తీరలేదు, చావనూ లేదు.

ఈ మధ్యనే క్వాయర్ సైలస్ చేతికి వచ్చింది. సైలస్ కృపానిధికి కూతురి కొడుకు. కూరెకుప్ప దగ్గర ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు, మిగిలిన పొద్దు పాటలు. చేతికొచ్చిన క్వాయర్‌లో పై స్వరం పాడే ఆడవాళ్లే లేరు. ఉన్నదల్లా కింది స్వరం పాడే జాయ్స్, తబిత వయసుదే. సైలస్‌కు కడపటి బెంచీలోని ఆ రెండో క్వాయర్ కావాలి. తాతను అడిగితే తాత మాట దాటేస్తాడు, తబితను అడిగితే ఆమె మెడ వంచదు.

ఒకరోజు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కుర్రాళ్లు ఫోన్ చుట్టూ మూగి పడిపడి నవ్వుతున్నారు. ఎవరో పాత సినిమా నెట్‌లో ఎక్కించారట. గోనెసంచి దారాలు వేలాడుతున్న ఉడుమొకటి కొండమీద తల ఊపుతోంది. సైలస్ కూడా నవ్వాడు. అంతలో హారతి పళ్లెంతో ఒక సన్నటి పిల్ల వచ్చింది. ఆ గడ్డం ఎత్తే తీరు అతనికి తెలుసు, వారం వారం కడపటి బెంచీలో చూసేదే. పళ్లెం ఎగిరి ఉడుము మూతిని తాకింది. సైలస్ చేతిలోని టీ అట్లాగే చల్లారిపోయింది.

షిఫ్టు దిగి బండి నేరుగా గాంధీనగర్‌కు తోలాడు.

"అత్తా, నువ్వు మొక్కలే! కొట్టినావు!"

తబిత కళ్లద్దాల పైనుంచి చూసింది. "నలభై ఏండ్లుగా నేను చెప్తాండేది అదే గదప్పా. నేను చెప్తే కాదు, ఫోన్ చెప్తే నమ్మకం కుదిరెనా?"

"ఇంగ రా క్వాయర్‌కు."

"మీ తాత ఒప్పుకోమంటాడు. చెయ్యని తప్పు ఒప్పుకుంటే అది అబద్ధం ఐతాది. గుళ్లో నిలబడి అబద్ధం చెప్పమంటావా?"

సైలస్ తాత దగ్గరికి పోయాడు. కృపానిధికి ఎనభై అయిదు దాటాయి. మోకాళ్లు పోయాయి, చెవిలో మిషన్, నోరు మాత్రం భద్రంగా ఉంది.

"సినిమానా? గుళ్లోనా? బుద్ధి ఉండాదా నీకు?"

"గుళ్లో కాదు తాతా, పక్క హాల్లో. సినిమా కాదు, సాక్ష్యం. నీ సాక్ష్యం సగం పొద్దుదే గదా. మిగిలిన సగం సూడొద్దా?"

ముసలాయన చేతికర్ర ఒకసారి నేలకు తాటించాడు. "ఆ ఒక్క ముక్కే పెట్టు. ముందరిదీ వద్దు, ఎనకదీ వద్దు."

ఆదివారం ఆరాధన అయ్యాక హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. గోడే తెర. పెద్దలు ముందు కుర్చీల్లో, సంఘం వెనక, తబిత అలవాటుగా అందరికన్నా వెనక. సైలస్ ఆ ముక్క పెట్టబోయాడు. "మధ్యలో సూస్తే న్యాయం ఎట్ల తెలుస్తాది? మొదట్నుంచి పెట్టు," అన్నాడు ఒక పెద్ద. మరొకరు నిన్నటి ఉపవాసం గుర్తుచేసి, బొరుగులూ మిరపకాయ బజ్జీలూ తెప్పించారు. విచారణ కమ్మగా సాగింది. ఉడుము రైలు పట్టాలు కొరికితే కృపానిధి రైల్వే వైపు నుంచి బాధపడ్డాడు.

ఆ ఘట్టం రానే వచ్చింది. ఊరు సాగిలపడింది. పిల్ల పళ్లెంతో నడిచింది. తల లేవసాగింది. హాల్లో బొరుగులు నమిలే చప్పుడు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో ముందు కుర్చీలోంచి ఒక గొంతు, చెవిమిషన్ పెట్టుకున్నవాళ్లు గుసగుస అనుకునేంత గట్టిగా:

"ఇంగ సూడు, మూతి మీద ఒకటి కొడ్తాది!"

తెర మీద పళ్లెం ఎగిరింది. దాన్ని ఒక్కరూ చూడలేదు. అందరూ కృపానిధినే చూస్తున్నారు.

"తాతా," అన్నాడు సైలస్ మెల్లగా, "నీకెట్ల తెలుసు?"

ముసలాయన చెవిమిషన్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "గుంతకల్లులో... ఆ దినం ప్యాసింజరు లేటు. ఎండ. యాడో ఒకచోట కూచోవల్ల గదా."

హాలు పగిలిపోయేట్టు నవ్వు. ఒకసారి తలుపు తెరుచుకుంటే ఇంక ఆగదు. "నేను హొసపేటలో సూసినా," అంది జాయ్స్, కళ్లు తుడుచుకుంటూ. "పళ్లెం ఇసిరితే ఈల కూడా ఏసినా." ఒక పెద్ద ఆదోని అన్నాడు. ఇంకొకరు ఆదోనిలోనే, కానీ రెండుసార్లు. టీ అంగడిలో కాపలా కూర్చున్న మనిషి కొడుకు లేచి, మా నాయన రెండో ఆటకు తానే దూరినాడని చెప్పేశాడు.

నవ్వులన్నిటికన్నా పెద్దది తబితదే. నవ్వీ నవ్వీ ఒక్కసారిగా ఆగింది.

"అంటే మీకందరికీ తెలుసు," అంది.

ఆమె కొట్టిందని చెప్పాలంటే ముందు తాము టికెట్ కొన్నామని చెప్పాల్సి వచ్చేది. ఆ ఒక్క మాటకు జడిసి, ఇన్నేళ్లూ ఏమీ ఎరగనట్టే తిరుగుతూ, ఆమెను కడపటి బెంచీకి వదిలేశారు. పాపం చేసినవాళ్లందరూ ముందు వరుసల్లో కూర్చున్నారు. చేయనిది ఒక్కతే వెనక. ఆమె సంచీ తీసుకుని, చెప్పులు వేసుకుని ఎండలోకి వెళ్లిపోయింది. "తబితా," అని జాయ్స్ పిలిచినా తిరగలేదు. తెర మీద ఉడుము ఒంటరిగా అరుస్తూ ఉంది.

ఆ వారమంతా సైలస్‌కు నిద్ర పట్టలేదు. ఆమెను తెచ్చుకుందామనుకుని ఉన్న గొంతును కూడా పోగొట్టుకున్నానా అన్న బెంగ. శుక్రవారం పాట నేర్పుతూ కిటికీ వైపే చూశాడు. శనివారం పొద్దున పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. దాన్ని మోసుకుని గాంధీనగర్ పోయాడు. మిషన్ ఆడుతూనే ఉంది. ఆమె ఆపలేదు, కూర్చోమనలేదు.

"అత్తా, తాత రేపు గుళ్లో అందరి ముందర నిలబడి తప్పు నాదే అని చెప్తాడు. తానే చెప్తానన్నాడు, ఎవరూ బలవంతం చెయ్యలే. నువ్వు ముందు వరుసలో ఉండల్ల. జాయ్స్ అత్త పక్కన. వస్తావా?"

మిషన్ ఆగింది. తబిత ప్యాంటు తిప్పి కుట్టు చూసింది, దారం కొరికింది.

"ఆయప్పను నిలబెట్టొద్దప్పా, ఆ మోకాళ్లతో యాడ నిలుస్తాడు? కూచోనే చెప్పమను. కానీ పాట మొదలుపెట్టక ముందే చెప్పమను. పాడినాంక నాకు కోపం ఉండదు."