కిటికీ గట్టు మీది నాచు సీసా

అమీర్‌పేటలో ప్రతి గదిలోనూ జావా నేర్పుతున్న రోజుల్లో నేను సముద్రపు నాచు రుబ్బేవాణ్ణి. ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మాది చిన్న ప్రయోగశాల. మందుల తయారీలో వాడే పదార్థాలకు బ్రోమిన్ చేర్చడం మా పని. ఆ బ్రోమిన్ ఘాటుకు కళ్లు మండేవి. నాచులోని ఎంజైము అదే పనిని ఘాటు లేకుండా చేస్తుంది. వేడిని, ఆల్కహాల్‌ని కూడా తట్టుకుంటుందని చదివాం. ఎన్ని వారాలు నిలుస్తుందో తేల్చడం నా బాధ్యత.

నా చేతిలో నాలుగు రోజులు కూడా నిలవలేదు.

నాకు సాయంగా యూసుఫ్‌గూడ నుంచి ఒకతను వచ్చేవాడు. ఈ పని కోసమే తాత్కాలికంగా తీసుకున్నారు. వయసులో నాకంటే పెద్ద. మాది ఒకప్పుడు గడీలో ఉన్న దొరల కుటుంబమని ఎవరో చెప్పినప్పటి నుంచి నన్ను దొర అనేవాడు. గడీ పోయి చాలా కాలమైంది, నేనుండేది అద్దె గది. అయినా అతని వెటకారం విననట్టే ఉండేవాణ్ణి. నా ద్రావణాలను మాత్రం అతన్ని ముట్టనిచ్చేవాణ్ణి కాదు. ఎంజైమును నిల్వచేసే ఫాస్ఫేట్ బఫర్ రోజూ నేనే కలిపి, వడగట్టి, ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి.

రెండు నెలల తర్వాత, ఈ ఎంజైము నిలవదని నివేదిక రాసి పంజాగుట్టలో మా యజమాని ఆఫీసుకు పంపాను. పని ఆగిపోతే అతని ఉద్యోగం పోతుందని తెలుసు. ఉన్నదే రాశాననుకున్నాను.

మర్నాడు బల్ల సర్దుతూ అతను కిటికీ గట్టు మీది నుంచి ఒక సీసా తీశాడు.

"దొరా, గిది మూడు వారాల కిందటి నాచు రసం. పారబోయాల్నా?"

"ఎండల పెట్టినవా?"

"మీ ఫ్రిజ్‌ల నాకు జాగ ఏడుంది? గా వేరే బఫర్ మిగిలితే అండ్లనే పోసిన. జర సూసి పారేస్త."

పసుపు రంగు పరీక్ష ద్రావణంలో నాలుగు చుక్కలు వేశాడు. ఎంజైము పనిచేస్తే రంగు నీలం కావాలి. చూస్తుండగానే అయింది.

"అరె! ఎండల ఉన్నది బతికె, ఫ్రిజ్‌ల ఉన్నది సచ్చె. గిదేం మర్యాద దొరా?"

నాకు నవ్వు రాలేదు. ఈ ఎంజైముకు పనిచేసే శక్తి దానిలోని వనాడియం వల్లే వస్తుంది. ఫాస్ఫేట్ మెల్లగా దాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. ఎక్కడో చదివినదే, నా బఫర్ గురించి అలా ఆలోచించలేదు. అతను పోసిన బఫర్‌లో ఫాస్ఫేట్ లేదు. నా సీసాలోని ఫాస్ఫేట్ తీసేసి కాస్త వనాడియం లవణం కలిపాను. మర్నాటికి నీలం వచ్చింది.

పంజాగుట్ట దాకా నడిచే వెళ్లాను. యజమాని కోస్తా నుంచి వచ్చినవారు. ఆయన బల్ల మీద నా నివేదిక, దాని పక్కనే అతన్ని తీసేస్తున్న కాగితం ఉన్నాయి.

"తప్పు నాచుది కాదు సార్, నాది. బఫర్ నేనే కలిపిన."

"ఏంటండీ, రెండు నెలలూనా?"

"రెండు నెలలు."

"ఎవరు పట్టుకున్నారు?"

నేనే అనొచ్చు. వనాడియం సంగతి తేల్చింది నేనే కదా.

"ఆయన," అని ఆ రెండో కాగితం చూపించాను. అతన్ని ఆయన అనడం అదే మొదటిసారి.

యజమాని ఆ కాగితం చింపేశారు. "అయితే ఇకమీదట బఫర్లు ఆయన్నే కలపమనండి."

మర్నాడు పొద్దున వెళ్లి బఫర్ అడిగాను. అతను చాయ్ తాగుతున్నాడు.

"ఆగుండ్రి దొరా, ఇంక సగం ఉన్నది."

నిలబడి ఆగాను.